గ్లాసు ఆస్తి కాదు

సూరత్ లాంటి ఊళ్ళో వైన్ గ్లాసుల గురించి వాదనేమిటని ఎవరైనా అడగొచ్చు. గుజరాత్ రాష్ట్రం పుట్టిన 1960 నుంచీ అక్కడ మద్యనిషేధం ఉంది. పాత బొంబాయి రాష్ట్రం 1949లో చేసిన చట్టాన్నే కొత్త రాష్ట్రం కొనసాగించింది. ఆరోగ్య కారణాల మీద ఇచ్చే పర్మిట్లు, 2023 డిసెంబరులో గాంధీనగర్ పక్కన గిఫ్ట్ సిటీకి ఇచ్చిన సడలింపు వదిలేస్తే, మామూలు ఇంట్లో వైన్ సీసాకు చోటు లేదు. గ్లాసుకు మాత్రం ఏ అడ్డూ లేదు. పెళ్ళి విందులో మాక్‌టెయిల్ కాడ గ్లాసులోనే వస్తుంది. సూరత్ వాళ్ళు ప్రాణం పెట్టే కోల్డ్ కోకోను కూడా చుట్టాలొస్తే అలాంటి గ్లాసులోనే పోసి ఇవ్వాలన్న సరదా ఇళ్ళలోకి వచ్చింది. చట్టం సీసాను ఆపింది గానీ, గ్లాసునూ దాని వెంట వచ్చే పెద్దరికపు సూత్రాలనూ ఆపలేదు. కాబట్టి ఈ వాదనకు సూరతే సరైన చోటు. వైన్ లేకుండా వైన్ గ్లాసు మాత్రమే ఉన్నప్పుడు, ఆ గ్లాసు నిజంగా చేసే పని ఎంత, దాని చుట్టూ అల్లిన కథ ఎంత అన్నది తేలిగ్గా విడదీసి చూడొచ్చు.

చలామణిలో ఉన్న అభిప్రాయం ఇది. మంచి గ్లాసంటే అంచు కాగితంలా ఉండాలి, కాడ పొడుగ్గా ఉండాలి, పొట్ట పెద్దదిగా ఉండాలి. ఎర్ర వైన్‌కు ఒకటి, తెల్ల వైన్‌కు ఒకటి, నురగ వైన్‌కు మరొకటి కావాలి. చవక గ్లాసులో పోస్తే ఎంత మంచి పానీయమైనా చెడుతుంది. కొంటే ఆరింటి సెట్టు కొనాలి, అందులోనూ ఖరీదైనదే కొనాలి, అది కలకాలం ఉంటుంది. ఇందులో మొదటి సగం వైన్ వ్యాపారం నుంచి వచ్చింది. రెండో సగం మన వంటింట్లోనే పుట్టింది. పెళ్ళికి పెట్టే స్టీలు బిందె మీదా, కంచం మీదా, గ్లాసు మీదా పేర్లు కొట్టించే అలవాటు మనది. బిందె సొట్టపోయినా పేరు చెరగదు, వస్తువు కూతురి ఇంటికీ మనవరాలి ఇంటికీ చేరుతుంది. లోహానికి సరిగ్గా అతికే ఆ లెక్కను గాజుకు తగిలించాం. దాంతో వరంగల్‌లోనైనా, బతుకుదెరువుకు సూరత్ వెళ్ళి లింబాయత్‌లో స్థిరపడిన ఇంట్లోనైనా ఒకటే దృశ్యం: మంచి గ్లాసులు షోకేసు అద్దం వెనక ఉంటాయి, తాగేది మాత్రం స్టీలు గ్లాసులో. ఈ రెండు సగాలూ తప్పే, పైగా రెండిటిదీ ఒకే తప్పు. రోజూ వాడే గ్లాసును ఆస్తి అనుకోవడమే ఆ తప్పు. గాజు గ్లాసు పగలడానికే పుట్టింది. కొనేటప్పుడే పగిలే రోజును లెక్కలో వేసుకోవాలి. అప్పుడు ఎంపిక మొత్తం మారిపోతుంది.

ముందు వైన్ వాళ్ళ సగం చూద్దాం. పానీయానికో ఆకారం అన్నది అనాదిగా వస్తున్న సంప్రదాయమని చాలామంది నమ్మకం. సూరత్ చరిత్రే ఆ నమ్మకానికి ఎదురు సాక్ష్యం చెబుతుంది. 1638లో ఆ రేవులో దిగిన జర్మన్ యాత్రికుడు మాండెల్‌స్లో, అక్కడి ఇంగ్లీషు వర్తకులు సారాయిలో పన్నీరు, నిమ్మజాతి రసం, చక్కెర కలుపుకుని తాగే పానీయం గురించి రాశాడు. పంచ్ అనే ఆ పానీయం గురించి దొరికే తొలి ప్రస్తావనల్లో అదొకటి. 1689లో సూరత్‌లో ఉన్న ఇంగ్లీషు పాదిరి జాన్ ఓవింగ్టన్ ఈస్టిండియా కంపెనీ కోఠీ భోజనాల బల్లను వర్ణించాడు. ఐరోపా వైన్, పర్షియా నుంచి వచ్చిన షిరాజ్ వైన్ ఆ బల్ల మీద ఉండేవి. పళ్ళేలు, గిన్నెలతో పాటు తాగే పాత్రలు కూడా బరువైన వెండివేనట. అంత డాబుసరి బల్ల మీద కూడా గాజు కాడల ఊసు లేదు. ఇక నేటి పెద్ద పొట్ట గ్లాసు సంగతి. కేంబ్రిడ్జి పరిశోధకులు ఇంగ్లండులో మూడు శతాబ్దాల నాటి 411 వైన్ గ్లాసుల కొలతలు సేకరించి 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. 1700ల్లో సగటు గ్లాసులో 66 మిల్లీలీటర్లు పట్టేది, ఇప్పుడు 449 పడుతుంది. దాదాపు ఏడు రెట్లు. మనిషి ముక్కు ఏడు రెట్లు పెరగలేదు కదా! పెరిగింది గాజు తయారీ నేర్పు, జనం సంపాదన, అమ్మేవాడి ఉత్సాహం.

రకానికో గ్లాసు అన్న వాదానికి గట్టి ఊపు ఇచ్చింది ఆస్ట్రియాకు చెందిన రీడెల్ కంపెనీ. 1973లో ఆ కంపెనీ సోమెలియర్స్ పేరుతో ద్రాక్ష రకాన్ని బట్టి ఆకారం మారే గ్లాసులను బజారులోకి తెచ్చింది. దానికి చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది నాలుక పటం: తీపి కొసన తెలుస్తుంది, చేదు వెనక తెలుస్తుంది, కాబట్టి గ్లాసు అంచు వైన్‌ను సరైన చోట పడేలా చేస్తుంది అని. మన బడి పుస్తకాల్లోనూ ఆ పటం ఉండేది. దాని పుట్టుక తెలిస్తే నవ్వొస్తుంది. 1901లో హేనిగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త నాలుక అంచుల్లో రుచి తెలిసే తీరులో చిన్నచిన్న తేడాలు గమనించాడు. 1942లో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్విన్ బోరింగ్ ఆ అంకెలను గ్రాఫుగా గీసిన తీరుతో చిన్న తేడాలు కాస్తా పెద్ద సరిహద్దులైపోయాయి. 1974లో వర్జీనియా కాలింగ్స్ మళ్ళీ పరీక్షించి, తేడాలున్నా లెక్కలోకి రానంత స్వల్పమని చూపింది. రుచి మొగ్గలున్న ప్రతి చోటా అన్ని రుచులూ తెలుస్తాయి. 2004లో డేనియల్ జ్వెర్డ్‌లింగ్ అమెరికా పత్రిక గూర్మేలో ఈ గ్లాసుల మహిమను శాస్త్రం ముందు నిలబెట్టి, అది నిలబడలేదని రాశాడు. సరిగ్గా ఆ కాలంలోనే అదే రీడెల్ కంపెనీ కాడే లేని గ్లాసుల శ్రేణిని మార్కెట్లోకి వదిలింది. అంతకాలం కాడ లేనిదే వైన్ లేదన్న వాళ్ళకు దాన్ని కొనడానికి మాత్రం ఏ ఇబ్బందీ కలగలేదు.

ఇక్కడ ఎదుటివాళ్ళ బలమైన మాట ఒకటుంది. నాలుక సంగతి అటుంచినా ముక్కు సంగతేమిటి? గ్లాసు ఆకారాన్ని బట్టి వాసన మారదా? మారుతుంది. 2015లో టోక్యో పరిశోధకులు గ్లాసు మూతి దగ్గర ఆల్కహాల్ ఆవిరిని కెమెరాకు చిక్కేలా చేశారు. 13 డిగ్రీల దగ్గర వైన్ గ్లాసులో ఆవిరి అంచు వెంబడి వలయంలా నిలిచింది, మధ్యలో పలచగా ఉంది. మధ్యలో ముక్కు పెడితే ఆల్కహాల్ ఘాటు లేకుండా పరిమళం అందుతుందన్న మాట. తిన్నటి గ్లాసులోనూ, మార్టీని గ్లాసులోనూ ఆ వలయం కనిపించలేదు. ఈ ఫలితాన్ని తోసిపుచ్చాల్సిన పని లేదు. కానీ అది నిజంగా చెబుతున్నదేమిటి? పొట్ట కన్నా మూతి కాస్త ముడుచుకుని ఉంటే చాలని. ద్రాక్ష రకానికో ఆకారం కావాలని చెప్పలేదు, సన్నటి క్రిస్టల్ కావాలనీ చెప్పలేదు. పైగా వైన్ వెచ్చబడితే ఆ గ్లాసులో కూడా వలయం చెదిరిపోయింది. ఫ్యాను కింద 30 డిగ్రీలు దాటే సూరత్ గదిలో అది ఎంతసేపు నిలుస్తుందో ఊహించుకోవచ్చు. అంతకన్నా పెద్ద సాక్షి, వైన్ రుచి చూడడమే వృత్తిగా ఉన్నవాళ్ళు వాడే గ్లాసు. దానికి 1977 నుంచి అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఐఎస్‌ఓ 3591 ప్రకారం ఆ గ్లాసులో పట్టేది 215 మిల్లీలీటర్లు, మొత్తం ఎత్తు 155 మిల్లీమీటర్లు, పొట్ట దగ్గర వెడల్పు 65, మూతి 46. ఎరుపైనా తెలుపైనా అదే గ్లాసు. తీర్పు చెప్పేవాడికి ఒక చిన్న గ్లాసు సరిపోతే, తాగేవాడికి మూడు రకాల పెద్ద గ్లాసులు ఎందుకు?

అయితే ఆ ప్రమాణపు గ్లాసును మక్కీకి మక్కీ ఇంటికి తెచ్చుకోమనడం లేదు. 46 మిల్లీమీటర్ల మూతిలో చెయ్యి పట్టదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, రోజువారీ గ్లాసు బతుకంతా సింకు దగ్గరే తేలుతుంది. సూరత్ ఇంట్లో ఆ గ్లాసులోకి వచ్చేవి కోల్డ్ కోకో, ఫాలూదా, మజ్జిగ, నిమ్మరసం. కోకో పాలు అడుగున చిక్కగా అంటుకుని ఎండిపోతాయి. నాలుగు వేళ్ళూ లోపలికి వెళ్ళి పీచుతో ఒక చుట్టు తిప్పగలిగితేనే గ్లాసు శుభ్రపడుతుంది. లేకపోతే ప్రత్యేకంగా బ్రష్షు కావాలి, లేదా రెండు వేళ్ళతో పీచును లోపలికి కుక్కి తిప్పాలి. కాడ విరిగేది చాలాసార్లు ఆ తిప్పుడులోనే: ఒక చెయ్యి అడుగు బిళ్ళను పట్టుకుంటుంది, రెండోది పొట్టను తిప్పుతుంది, మెలి పడేది సన్నటి కాడ మీద. సన్నటి గ్లాసు బల్ల మీద కన్నా సింకులోనే ఎక్కువగా చస్తుంది. బోరు నీళ్ళు వాడే ఇంట్లో ఉప్పు మచ్చలు సరే సరి. ఆ మచ్చలు పోవడానికి నిమ్మచెక్కో కాస్త వెనిగరో చాలు, కానీ అది రుద్దడానికీ చెయ్యి లోపలికి పోవాలి. ఇక గోడకు తగిలించే స్టీలు స్టాండులో అరల మధ్య ఎత్తు స్టీలు గ్లాసులకు, గిన్నెలకు తగ్గట్టు చేసినది. జానెడు దాటిన కాడ గ్లాసు అందులో నిలబడదు. ఎక్కడా పట్టని వస్తువు చివరికి చేరేది షోకేసుకే.

కాడ లేకపోతే చేతి వేడికి చల్లని పానీయం వెచ్చబడుతుందన్నది ఇంకో అభ్యంతరం. చలిదేశపు గదిలో ఈ మాటకు విలువుంది. అక్కడ గది 18 డిగ్రీలు, అరచెయ్యి 33 డిగ్రీలు. సూరత్‌లో మే నెలలో గదిగాలి, అరచెయ్యి దాదాపు ఒకే వేడి మీద ఉంటాయి. తగిలే చెయ్యి గాలి కన్నా త్వరగా వేడినిస్తుంది, నిజమే. కానీ తాపీ నది, అరేబియా సముద్రం పక్కనున్న ఊళ్ళో అంతకన్నా పెద్ద దొంగ వేరే ఉంది. చల్లని గ్లాసు బయట పట్టే చెమట చూడండి. గాలిలోని తేమ ఒక గ్రాము నీరుగా మారి గ్లాసుకు అంటుకునేటప్పుడు సుమారు 2,400 జౌళ్ళ వేడిని వదులుతుంది. ఆ వేడంతా లోపలికే పోతే 100 మిల్లీలీటర్ల నీళ్ళు దాదాపు 6 డిగ్రీలు వెచ్చబడతాయి. గ్లాసు చుట్టూ పట్టిన రెండు మూడు గ్రాముల చెమట మీ అరచేతిని మించిన పని చేసేస్తుంది. దానికి కాడ మందు కాదు. కొద్దికొద్దిగా పోసుకోవడమే మందు. అందుకూ చిన్న గ్లాసే మేలు. కాడ వల్ల ఒక మేలు ఉందని ఒప్పుకోవాలి: గ్లాసు చెమటపట్టి జారుతున్నప్పుడు కాడ పొడిగా ఉంటుంది, పట్టు దొరుకుతుంది. అంతగా కావాలనుకుంటే రెండు వేళ్ళ ఎత్తు పొట్టి, లావు కాడ ఉన్నది తీసుకోండి. ఐస్‌క్రీం పార్లర్లలో వాడేవి అలాంటివే, అవి ఊరికే అంతకాలం మన్నడం లేదు.

ఖరీదైనది అంటే మంచి గాజు అనుకోవడం దగ్గర జాగ్రత్త మరీ అవసరం. క్రిస్టల్ అనే మాటకున్న మెరుపు చాలాకాలం సీసం పుణ్యమే. 1674లో ఇంగ్లండులో జార్జ్ రేవెన్స్‌క్రాఫ్ట్ పేటెంటు తీసుకున్నప్పటి నుంచి సీసం కలిపిన గాజు బరువుకూ తళుకుకూ పేరు పొందింది. లెడ్ క్రిస్టల్ అనిపించుకోవాలంటే ఐరోపా నిబంధన ప్రకారం కనీసం 24 శాతం లెడ్ ఆక్సైడు ఉండాలి. అలాంటి పాత్రల్లో పోసి ఉంచిన వైన్‌లోకి సీసం దిగుతుందని 1991లో లాన్సెట్ వైద్యపత్రిక ప్రచురించింది. పులుపు ఎంత ఎక్కువైతే, ఎంత ఎక్కువసేపు ఉంటే అంత దిగుతుంది. పిల్లలు నిమ్మరసం తాగే ఇంట్లో అలాంటి గ్లాసుకు పని లేదు. ఇప్పుడు మంచి కంపెనీలు సీసం లేని క్రిస్టల్ చేస్తున్నాయి, కానీ తాతల కాలం నాటి బరువైన సెట్టు మీద ఆ మాట రాసి ఉండదు. బొమ్మలు, బంగారు అంచులు కూడా వద్దు. 2010లో అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ పిల్లల సినిమా బొమ్మలున్న కోటీ ఇరవై లక్షల గ్లాసులను వెనక్కి తీసుకుంది, రంగుల్లో కాడ్మియం ఉన్నందుకు. ఏ సింగారం లేని తెల్లటి సోడా గాజు, అంటే అన్నిటికన్నా చవకది, ఈ గొడవలకు దూరం. అందులో సీసం కలపాల్సిన అవసరమే లేదు.

మరి చవకది త్వరగా పగలదా? సన్నటి దాని కన్నా తక్కువే పగులుతుంది. టఫెన్డ్ గాజైతే ఇంకా తక్కువ. గాజును 600 డిగ్రీలు దాటించి, ఒక్కసారిగా గాలి కొట్టి చల్లారిస్తే పైపొర బిగుసుకుంటుంది. ఫ్రాన్సులో డ్యూరలెక్స్ ఈ పద్ధతిలో చేసిన పికార్డీ గ్లాసు 1954 నుంచి ఆ దేశపు బడులు, హోటళ్ళలో నలిగింది, వైన్ పుట్టిల్లులో వైన్‌కు కూడా వాడారు. పగిలినా కత్తుల్లాంటి పెంకులు కాకుండా చిన్న ముక్కలవుతుంది. స్టీలు పీచుతో గీతలు పడేలా రుద్దితే మాత్రం టఫెన్డ్ గాజు కూడా బలం కోల్పోతుంది, మెత్తటి స్పాంజి వాడాలి. వేడికి తట్టుకుంటుందని బోరోసిలికేట్ కొనమంటారు. మరిగే టీ పోసేట్టయితే సరే, దాని వ్యాకోచం మామూలు గాజులో మూడో వంతే. చల్లని పానీయానికి ఆ గుణంతో పనేముంది? అసలైన సాక్ష్యం టీ కొట్టు దగ్గర ఉంది. దేశంలో ఏ గ్లాసూ చూడనన్ని కడుగుళ్ళు చూసేది టీ గ్లాసు. కొట్టువాడు డజన్లలో తెస్తాడు, పగిలిన దాని చోట ఇంకోటి పెడతాడు. ఎప్పుడూ సెట్టు చెడిందని బాధపడడు, ఎందుకంటే అతనికి సెట్టే లేదు.

ఆ సెట్టు దగ్గరే ఇంటివాళ్ళు మోసపోతారు. 600 రూపాయల గ్లాసులు ఆరు కొన్నారనుకుందాం. ఒకటి పగిలింది. అదే ఆకారం, అదే ఎత్తు విడిగా దొరకదు. ఐదు మిగిలిన సెట్టు అతిథుల ముందుకు రాదు, అంటే పోయింది 600 కాదు, 3,600. అదే 80 రూపాయల గ్లాసు ఏడాది పొడవునా దుకాణంలో విడిగా దొరికేదైతే, ఏడాదికి మూడు పగిలినా ఖర్చు 240. పైగా రోజూ అందులోనే తాగారు. వాడుకలో లేని 3,600 కన్నా వాడుకలో ఉన్న 240 ఎక్కడ ఖరీదైంది? చుట్టాలకు మర్యాద ఎలా అంటారు కొందరు. ఇంట్లోవాళ్ళు స్టీలులో తాగి చుట్టానికి మాత్రం అద్దం వెనకది తీసిస్తే, అతనికి దక్కేది మర్యాద కాదు, ఎక్కడ పగలగొడతానోనన్న బెంగ. అందరి చేతిలో ఒకేలాంటి శుభ్రమైన గ్లాసు ఉండడమే మర్యాద.

పగిలే వస్తువని ముందే అనుకోవడం దుబారా నేర్పదా, చెత్త పెంచదా అన్న ప్రశ్న న్యాయమైనది. గాజు తయారీకి చాలా ఇంధనం పడుతుంది. ఆగ్రా పక్కనున్న ఫిరోజాబాద్ గాజు కొలుములను తాజ్‌మహల్ కోసం బొగ్గు నుంచి గ్యాసుకు మార్చమని 1996లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. కానీ ఇక్కడ కూడా చవక గాజుదే పైచేయి. సోడా గాజు గ్లాసు, జామ్ సీసా దాదాపు ఒకే జాతివి, పగిలిన ముక్కలు కరిగించి మళ్ళీ వాడొచ్చు. కొలిమిలో పది శాతం పాత గాజు కలిపితే ఇంధనం సుమారు 3 శాతం ఆదా అవుతుంది. సీసపు క్రిస్టల్, బోరోసిలికేట్ వేరే గుణాలవి, మామూలు గాజుతో కలిస్తే సరుకు చెడుతుంది. దుబారా సంగతికొస్తే, ఆరు కొని ఒక్కటీ వాడకపోవడాన్ని మించిన దుబారా ఏముంటుంది?

హైదరాబాద్‌లో వైన్ పోసుకునేవాళ్ళకైనా, సూరత్‌లో కోకో పోసుకునేవాళ్ళకైనా కొలత ఒకటే. 250 నుంచి 350 మిల్లీలీటర్లు పట్టేది, పొట్ట కన్నా మూతి కొంచెమే తగ్గి నాలుగు వేళ్ళూ లోపలికి పోయేది, కాడ లేనిది లేదా పొట్టి కాడది, రంగూ బొమ్మా లేనిది. దుకాణానికి వెళ్ళినప్పుడు ముందు అదే రకం రెండు గ్లాసులు విడిగా ఇమ్మని అడగండి. ఇవ్వనన్నాడంటే రేపు పగిలిన దానికి జత దొరకదని అర్థం, పక్క దుకాణానికి వెళ్ళండి. దొరికితే ఆరు తెచ్చి స్టీలు గ్లాసుల పక్కనే స్టాండులో పెట్టండి, షోకేసులో కాదు.